కరెంటు పోయినా చెరగని కబురు

హలో, హలో. నమస్తే అందరికి. వినవడ్తున్నదా? సిగ్నల్ మంచిగున్నోళ్లు చదువుండ్రి, లేనోళ్లు జర బయటికొచ్చి చదువుండ్రి. సూరత్‌ల ఉన్నోళ్లకు, ఊర్లె ఉన్నోళ్లకు, డ్యూటీ దిగి చాయ్ తాగుకుంట ఫోను చూస్తున్నోళ్లకు అందరికి చెప్తున్న. తిన్నరా? తినకుంటె తినుకుంటనే చదువుండ్రి. రెండో కరోనా వచ్చిన ఎండకాలంల మన రాజమౌళి ఇంట్ల జరిగిన ముచ్చట ఇది.

రాజమౌళి అంటె సిరిసిల్ల దిక్కు మనిషి. పెండ్లికి ముందుగాల్నే సూరత్ వచ్చిండు. పాండేసర అవతల ఒక ఖాతాల పని. ఖాతా అంటె ఇక్కడ మగ్గాలు నడిచే షెడ్డు. అండ్ల జకాట్ మాస్టర్. చీర మీద నెమలి రావాల్నంటె ముందుగాల గళ్ల కాయితం మీద గడి గడికి పెన్సిలు తోటి నింపి నెమలిని గీయాలె. ఆ గళ్లను చూసి అట్టలకు బొక్కలు కొట్టాలె. బొక్క ఉన్నకాడ దారం లేస్తది, లేనికాడ లేవది. గా గళ్లు నింపుడు రాజమౌళి పని.

మొదటి లాక్‌డౌన్ల ఖాతా బందైంది. ఊకె కూసోని ఏం చేస్తడు? ఫోన్ల వీడియోలు చూసిండు. అరచేతిలో సగం లేని వైఫై బోర్డు ఒకటి తెప్పించిండు. మిద్దె మీద ట్యాంకు నిండంగనే మోటరు దానంతట అదే బందయ్యేటట్టు చేసిండు. ఇగ గల్లీల రాజమౌళి పేరు మారుమోగె. తర్వాత గేటు కాడి లైటు, కూలరు, అన్నిటికి వైర్లు గుచ్చుడే. పెండ్లాం బాలవ్వ మాత్రం, "ఇంట్ల నేను తప్ప అన్ని నీ మాట వింటున్నయి" అని నవ్వేది.

గా నవ్వు రెండో కరోనల పోయింది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, విజేత. సూరత్‌లనే పుట్టింది, నర్సు కోర్సు చదివింది, ఒక పెద్ద దవాఖానల నౌకరి. రోగం ఇంటికి మోసుకొస్తనేమోనని తోటి నర్సుల తోని హాస్టల్ల ఉండె. ఊరు ఒక్కటే, కానీ చూసి నెలలు దాటింది. డ్యూటీల ఫోను పట్టద్దు. బయటికొచ్చినంక ఒక మెసేజ్ పెట్టేది, "అవ్వా, రూముకొచ్చిన" అని.

ఆ మెసేజ్ కోసం బాలవ్వ పొద్దంత ఫోను పట్టుకొని కూసునేది. ఫోను తీస్తె బిడ్డ మెసేజ్ కంటె ముందు ఏం కనవడ్తది? ఊరి గ్రూపుల ఒక ఫోటో, పూలదండేసి. కులపోళ్ల గ్రూపుల ఇంకో ఫోటో. "ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతది" అని ఎవ్వలో అడుగుడు, కింద పది మంది చేతులు జోడించుడు. ఒక్కొక్క ఫోటో చూసినప్పుడల్లా ఆమె పళ్లెం పక్కకు నూకేది.

ఉట్టిగ నూకితె వేరు. ఆమెకు షుగరు. గోలీ ఏసుకొని తినకపోతె పడిపోతది. ఒకనాడు పొద్దుగాల గట్లనే పడ్డది. పొయ్యి కాడ, చేతిల ఫోను అట్లనే ఉన్నది. రాజమౌళి చక్కెర నీళ్లు తాగించి లేపితె, ఆమె అడిగిన మొదటి మాట, "పోరి మెసేజ్ ఏమన్న వచ్చిందా?"

"ఫోను నాకియ్యి, నేను చూసి చెప్త" అన్నడు రాజమౌళి.

"నువ్వు చెప్తె నమ్ముతనా? నాకు బీపీ ఉన్నప్పుడు గూడ మంచిగనే ఉన్నదన్నవు."

"గ్రూపులన్ని తీసేస్త మల్ల."

"ఎవ్వలు పోయిన్రో తెల్వకుంట ఎట్లుంటమయ్యా? రేపు ఎదురువడితె ఏం మొఖం పెట్టుకొని మాట్లాడుత?"

రాజమౌళి లెక్కేసుకున్నడు. గ్రూపులు కావాలె, ఫోను వద్దు. బిడ్డ కబురు ఒక్కటే కనవడాలె, ఇంకోటి కనవడద్దు. కూసోని కూసోని మోటరు బోర్డు దిక్కు చూసిండు. దీనికి ఒక పలక తగిలిస్తె? బిడ్డ అక్కడ ఒత్తితె ఇక్కడ వంటింటి గోడ మీద రావాలె. గంతె.

పై అంతస్తుల సుజిత్ అని జగిత్యాల పిలగాడు కిరాయికుంటడు. ఐటీ నౌకరి, ఇంట్ల కూసోనే పని, పెండ్లి కాలే. మెట్ల మీద దూరం దూరం కూసోని మాట్లాడుకునేటోళ్లు.

"మామూలు స్క్రీన్ పెట్టకు కాకా" అన్నడు సుజిత్. "రాత్రంత వెలుగుతది. చిన్నమ్మ దాన్నే చూసుకుంట కూసుంటది. ఈ-పేపర్ పెట్టు. కాయితం లెక్కనే ఉంటది, వెలగది, కండ్లు గుంజయి."

"కాయితం లెక్కనా?"

"అచ్చం కాయితమే. ఒక్కసారి రాసినంక కరెంటు తీసేసినా రాసింది అట్లనే ఉంటది."

ఈ మాట రాజమౌళికి బాగ నచ్చింది. కరెంటు పోయినా కబురు పోదు. వెంటనే ఆర్డరు పెట్టిండు.

డబ్బా వచ్చినంక మొదలైంది అసలు తిప్పలు. అరచెయ్యంత తెల్ల పలక, దాని ఎనుకనుంచి ఉల్లిపొర అసుంటి పట్టీ, ఆ పట్టీ బోర్డుల దూరాలె. వీడియోల పిలగాడు చిటికెల దూర్చిండు. రాజమౌళి దూరిస్తె అది వంకర పోయె. తీసి మల్ల దూర్చిండు. వైర్లు గుచ్చిండు, ప్రోగ్రాం ఎక్కించిండు, చూసిండు. తెల్లగనే ఉన్నది. ఒక్క చుక్క గూడ రాలే.

"ఏమంటుంది నీ కాయితం?" అని బాలవ్వ వంటింట్లకెల్లి.

"ఆలోచన చేస్తుంది."

"నీకంటె నయం."

వైర్లు మార్చిండు. వేరే వీడియో చూసిండు. ఆ వీడియోల మనిషి ఇంకో వీడియో చూడుమన్నడు. సుజిత్ పైనుంచి వచ్చి, మాస్కు పైకి గుంజుకొని, ల్యాప్‌టాప్ పెట్టి చూసిండు. పలక పనిల ఉన్నదా, ఖాళీగున్నదా అని చెప్పే వైరు ఒకటుంటదంట. అది లూజున్నది. ఆ పలక జవాబు చెప్పేదాక బోర్డు ఎదురుచూస్తది. జవాబు రాదు, ఇది కదలది.

"అంటె ఇది గూడ మీ చిన్నమ్మ లెక్కనే, కబురు కోసం కూసున్నది" అన్నడు రాజమౌళి.

వైరు గట్టిగ గుచ్చినంక కదిలింది గని, పలక మీద బూడిద చల్లినట్టు చుక్కలే వచ్చినయి. సుజిత్ తల పట్టుకున్నడు. ఇద్దరు రెండు దినాలు దాని తోటి కొట్లాడిన్రు. సుజిత్ ఆఫీసు మీటింగుల నడుమ కిందికి ఉరికొచ్చుడు, "ఇది చూడు కాకా" అనుడు, పాయె అనుడు, మల్ల పైకి ఉరుకుడు. ఆఖరికి బాలవ్వ ఊడ్చుకుంట పలక లేపి, "ఎనుక ఈ చిట్టీ ఏంది?" అన్నది. ఆ చిట్టీ మీద ఇది రెండో రకం పలక అని రాసున్నది. వాళ్లు ఎక్కించుకుంట కూసున్నది మొదటి రకం ప్రోగ్రాం. ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. బాలవ్వ ఏం తెల్వనట్టు ఊడ్చుకుంట పోయింది.

సరైన ప్రోగ్రాం పెడితె ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల లెక్క వచ్చినయి. తెలుగు పెడితె డబ్బాలు. వరుసగ ఖాళీ డబ్బాలు. బాలవ్వకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కొని చదువుతది.

"తెలుగు అక్షరాలు దీనికి తెల్వయి కాకా. బొమ్మ లెక్క పంపితె చూపిస్తది."

"బొమ్మనా? గడి నల్లగ, గడి తెల్లగ?"

"గంతె."

రాజమౌళి మొఖం మొదటిసారి వెలిగింది. గళ్ల కాయితం తీసిండు. ఏండ్ల సంది నెమళ్లను, మామిడి పిందెలను గీసిన చెయ్యి. అక్షరం ఎంత? కానీ ఏ మాటలు గీయాలె? బాలవ్వను అడిగిండు.

"డ్యూటీల ఉన్న అని ఒకటి. రూముకొచ్చిన అని ఒకటి. మంచిగున్న అని ఇంకోటి."

"ఒకవేళ పాణం బాగలేకపోతె? జరం అని గూడ ఒకటి గీస్త."

బాలవ్వ చేతిల గంటె ఆగింది. "నోరు మంచిది కాదా నీది? జరం అని ఇంట్ల, వంటింటి గోడ మీద, మనమే రాసి పెట్టుకుంటమా? ఆ మాట అనకు, గీయకు."

రాజమౌళి పెన్సిలు పక్కకు పెట్టిండు. ఖాతాల గూడ పెండ్లి చీర మగ్గానికి ఎక్కినప్పుడు దాని కాడ చెడ్డమాట మాట్లాడరు. ఆమె అన్నది తప్పేం కాదనిపించింది. మూడు మాటలే గీసిండు.

మొదటి బొమ్మ ఎక్కించిండు. పలక నల్లగైంది, తెల్లగైంది, మల్ల నల్లగైంది. బాలవ్వ బెదిరి, "నల్లగెందుకైతుంది?" అన్నది. "పాతది తుడుచుకుంటుంది, ఆగు" అన్నడు. ఆగినంక చూస్తె అక్షరాలున్నయి గని ఒక్కటి చదవరాలే.

"ఇది ఉర్దూనా?" అన్నది బాలవ్వ.

సుజిత్ మెడ వంచి చూసి, "కాకా, దీనికి అద్దం గూడ కొనాల్నా?" అన్నడు.

రాజమౌళి పలకను చేతిలకు తీసుకొని, తిప్పి, ఎనుక దిక్కు చూసిండు. అప్పుడు సమజైంది. మగ్గం మీద చీరను బోర్లేసి నేస్తరు. మంచి మొఖం కిందికుంటది. అందుకని జకాట్ల గీసేటోడు బొమ్మను ఎడమ కుడి తిప్పే గీస్తడు. ఆయన చెయ్యి అడగకుంటనే అక్షరాలను గూడ తిప్పింది. ఇప్పుడు పలకను తిప్పి, చీర మంచి మొఖం కోసం చూసినట్టు చూస్తుండు. సుజిత్ నవ్వి నవ్వి మెట్ల మీద కూలవడ్డడు. బాలవ్వ గూడ కొంగు అడ్డం పెట్టుకున్నది. షానా దినాలకు ఆ ఇంట్ల నవ్వు వినవడ్డది.

తిప్పి గీసినంక అక్షరాలు చక్కగ కూసున్నయి, పలక వంటింటి గోడకెక్కింది. సుజిత్ ఒక పేజీ చేసి విజేత ఫోనుకు లింకు పంపిండు, అండ్ల మాటకొకటి మూడు గుండీలు. సాయంత్రం అన్నం కాడికి పలక నల్లగై, తెల్లగై, "రూముకొచ్చిన" అన్నది. బాలవ్వ కూడబలుక్కొని చదివింది. రెండోసారి చదివింది. ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లేసి తినుడు మొదలు పెట్టింది.

అట్ల దినాలు గడిచినయి. పొద్దుగాల "డ్యూటీల ఉన్న", సాయంత్రం "రూముకొచ్చిన", పండేముందు "మంచిగున్న". గోలీ టైముకు, తిండి టైముకు. గ్రూపులు దినానికి ఒక్కసారి చూసేది, పోయినోళ్లకు ఒక దండం పెట్టి మల్ల బోర్లేసేది. ఒకనాడు మధ్యాహ్నం గల్లీ అంత కరెంటు పోయింది. పలక మీది మాట చెక్కు చెదరలే. రాజమౌళి పక్కింటోళ్లను పిలిచి మరీ చూపించిండు, "చూడుండ్రి, వైరు పీకినా పోదు" అని.

ఒక ఆదివారం రాత్రి "మంచిగున్న" వచ్చింది. సోమవారం పొద్దుగాల అదే ఉన్నది. మధ్యాహ్నం అదే. బాలవ్వ చూసుకుంట, "మంచిగున్న అంటుంది పోరి" అని రొట్టె చేసింది. రాజమౌళికి మాత్రం ఏదో కుట్టింది. పలక చెడిపోయిందా? వైరు చూసిండు, వైఫై చూసిండు, అన్ని సక్కగనే ఉన్నయి. మిద్దె మీదికెక్కి విజేతకు ఫోన్ చేసిండు.

పోరి గొంతు బొంగురుపోయింది.

"బాపు, నాకు పాజిటివ్ వచ్చింది. నిన్న రాత్రి మీకు ఒత్తి పండినంక జరం వచ్చింది. మా హాస్టల్లనే వేరే రూముల పెట్టిన్రు. ఆక్సిజన్ మంచిగనే చూపిస్తుంది, భయం లేదు."

"మల్ల ఏదన్న ఒత్తకపోతివి బిడ్డ?"

"ఏం ఒత్తాలె బాపు? డ్యూటీల లేను. రూములకెల్లి ఎటు పోలే. మంచిగ లేను. మూడింట్ల ఒక్కటి గూడ నిజం లేదు." జర దగ్గి మల్ల అన్నది, "అవ్వకు చెప్పకు. తిండి బంద్ పెడ్తది. ఆ కాయితం మంచిగున్న అనే అంటుంది గదా, అననియ్యి."

రాజమౌళి సరే అన్నడు. బిడ్డ మాట గూడ నిజమే గదా. కిందికి దిగంగ దిగంగ ఇంకో భయం పట్టింది. సాయంత్రందాక పలక మారకపోతె బాలవ్వ అనుమానపడ్తది. సుజిత్ కాడికి పోయి మెల్లగ అడిగిండు, "నా ఫోన్ల నుంచి ఒత్తితె పోతదా?"

"పోతది కాకా, పేజీ అదే. ఎందుకు?"

"ఊకె. టెస్టింగ్."

అన్నం యాళ్లకు ఆయన బయట మెట్ల మీద నిలవడి "రూముకొచ్చిన" ఒత్తిండు. లోపల పలక నల్లగై తెల్లగయింది. బాలవ్వ చదివి, "ఇయ్యాల జల్ది దిగింది" అన్నది. దిగింది గదా అని సంబురంగ ఇంకో రొట్టె ఏసుకున్నది. ఆయనకు గూడ పళ్లెంల పెట్టింది. రాజమౌళి ఆ రొట్టెను తుంచి తుంచి పళ్లెం అంచుకే పెట్టిండు.

ఆమె తింటుంది. ఆయనకు కావాల్సింది గదే. గదాని కోసమే ఇన్ని దినాలు తండ్లాడిండు. అయినా ఆ పలక దిక్కు చూడబుద్ధి కాలే. మగ్గం మీద అడ్డం పోయే పేక దారం తెగితె మగ్గం అక్కడికక్కడే ఆగాలె. దానికో ఇనుప ముల్లు ఉంటది, దారం తగలకపోతె ఆపేస్తది. ఆ ముల్లు చెడిపోయిన మగ్గం ఆగది, టకటక నడుస్తనే ఉంటది, దూరంకెల్లి చూస్తె మంచిగ నేస్తున్నట్టే ఉంటది. దగ్గరికి పోయి చూస్తె బట్ట ఉండది, ఉట్టి నిలువు పడుగు దారాలు. తను గోడకు తగిలించింది గసుంటి మగ్గమే అనిపించింది. పైగా ఇప్పుడు దాన్ని తనే చేత్తోని నడుపుతుండు. రేపు బిడ్డకు నిజంగ ఎక్కువైతె? అప్పుడు గూడ ఒత్తుకుంట కూసుంటడా?

ఆమె చెయ్యి కడుక్కునేదాక ఆగిండు. గోలీ పడ్డది, కడుపుల ఇంత పడ్డది. అప్పుడు పక్కన కూసోని చెప్పిండు. అన్ని చెప్పిండు. దాచలే.

బాలవ్వ పలక దిక్కు చూసింది.

"ఇందాక వచ్చింది నువ్వు ఒత్తినవా?"

"ఒత్తిన."

"ఇంతకు ముందు?"

"లేదు. అదొక్కటే."

"ఎట్ల నమ్మాలె?"

ఆమె లేచి పలకను గోడకెల్లి తీసి బల్ల మీద పెట్టింది. బోర్లేసిన ఫోనును మల్ల చేతిలకు తీసుకున్నది. తెల్లారి పొద్దుగాల పొయ్యి ముట్టియ్యలే. గోలీ పట్టీ అట్లనే ఉన్నది. రాజమౌళి చాయ్ పెట్టి, బిస్కెట్లు పెట్టి, "జర తినే" అని బతిమిలాడిండు. ఆమె అటు తిరిగి కూసున్నది. ఇదివరకు ఫోను ఒక్కటే ఆమెను తిననియ్యకపోయేది. ఇప్పుడు పక్కనున్న మనిషి మాట గూడ ఒంటికి పట్టకపోయె.

పది గంటల యాళ్లకు విజేత వీడియో కాల్ చేసింది. బాపే చెయ్యుమన్నడు. పోరి మొఖం ఎర్రగైంది, జుట్టు చెదిరింది.

"ఎంతున్నది జరం?" అన్నది బాలవ్వ.

"నూటొకటి అవ్వా. గోలీ ఏసుకున్న."

"నాకు చెప్పకపోతె తగ్గుతదా అది?"

"నువ్వు తినవని..."

"నేను తిననిది నిజం తెలిసి కాదే. తెల్వక. తెల్వక ఆ ఫోన్ల ప్రతి ఫోటో కింద నీ పేరు ఉన్నదేమోనని చూస్తి."

విజేత దగ్గింది. బాలవ్వ దగ్గు ఆగేదాక చూసి, "ఏం తిన్నవ్?" అన్నది.

"కిచిడీ పెట్టిన్రు. సగం తిన్న."

"మొత్తం తిను."

ఫోను పెట్టేసినంక ఆమె రాజమౌళి దిక్కు తిరిగింది. "గళ్ల కాయితం తియ్యి."

"ఎందుకు?"

"జరం అని గీయి."

"గోడ మీద వద్దంటివి."

"వద్దన్న. నేను వద్దన్నందుకే గదా పోరికి ఒత్తనీకి ఒక్క మాట లేకపోయె. జరం ఉన్నది అని ఒకటి, జరం తగ్గింది అని ఒకటి. అన్నం తిన్న, తినలేదు, అవి గూడ. ఇంకోటి. దినమంత ఏం కబురు రాకపోతె అది పాత మాట పట్టుకొని ఉండద్దు. రాలేదని చెప్పాలె."

"కబురు రాలే అని గీస్త. టైముకు రాకపోతె దానంతట అదే ఆ బొమ్మ ఏస్తది."

"నీ ఫోన్లకెల్లి ఒత్తరాకుంట చెయ్యుమను సుజిత్‌ను. నా ముందల్నే చెయ్యాలె."

సుజిత్ తలుపు కాడ నిలవడి, ఇద్దరి మొఖాలు చూసి, ఏం అడగకుంట చేసిండు. "కాకా, ఒకసారి ఒత్తి చూపియ్యి" అన్నడు. రాజమౌళి ఒత్తిండు. ఏం కాలే. బాలవ్వ చూసింది, తల ఊపింది.

భార్యాభర్తలు కింద కూసోని గీసిన్రు. ఆయన అక్షరం ఒడ్డులు గీస్తె ఆమె లోపలి గళ్లు నల్లగ నింపింది. "రా" కాడ ఆమె ఒక గడి దాటి నింపింది, అక్షరానికి పొట్ట వచ్చింది. రబ్బరు తీసుకోబోతె, "ఉండనియ్యి" అన్నడు. ఆమె నవ్వలే. కానీ పెన్సిలు గూడ కింద పెట్టలే.

మధ్యాహ్నం దాటినంక, సుజిత్ విజేత ఫోన్ల కొత్త గుండీలు గూడ పెట్టినంక, పలక మల్ల గోడకెక్కింది. మొదలు "కబురు రాలే" అని ఉన్నది. బాలవ్వ దాన్ని చూసింది గని ఫోను ముట్టలే. కొద్దిసేపటికి పలక నల్లగైంది, తెల్లగైంది. ఒక దాని కింద ఒకటి రెండు వరుసలు తేలినయి.

జరం ఉన్నది.
అన్నం తిన్న.

ఆ అక్షరాల అడుగున పాత మాట నీడ సన్నగ ఇంక కనవడ్తుండె. ఈ పలకకు గా రోగం ఉన్నది, జల్ది తుడిస్తె పూర్తిగ పోదు. బాలవ్వ దగ్గరికి పోయి ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదివింది. వచ్చి గోలీ తీసింది. పొద్దుగాల రాజమౌళి వండి మూత పెట్టిన పప్పు కలుపుకున్నది. రెండు ముద్దలు పోయినంక అన్నది, "అన్నం తిన్న అంటది గని ఏం కూరనో చెప్పది."

రాజమౌళి మల్ల పెన్సిలు తీసిండు. "హాస్టల్ల ఏమేం కూరలు పెడ్తరు?"

"ఎప్పుడు చూసినా ఆలుగడ్డనే అంట."

"గట్లయితె ఒక్క బొమ్మ చాలు" అన్నడు.

"గీయి మల్ల" అన్నది బాలవ్వ, ఇంకింత అన్నం ఏసుకుంట.

పోరి మంచిగైంది, మల్ల డ్యూటీల చేరింది, ఆ పలక ఇంక ఆ గోడకే ఉన్నది. నడుమ నడుమ సతాయిస్తది, రాజమౌళి తిట్టుకుంట వైర్లు గుచ్చుతడు. గంతే ముచ్చట. మీ ఇంట్ల గూడ ఎవ్వలన్న ఫోను చేతిల పట్టుకొని అన్నం పక్కకు పెట్టి కూసుంటె, లేకపోతె దూరంకెల్లి "మంచిగున్న" అని ఉట్టిగ మెసేజ్ పెట్టేటోళ్లు మీకు తెలిసి ఉంటె, ఇది వాళ్లకు పంపుండ్రి. గ్రూపుల ఏసినా సరే, జర చదివి ఏయుండ్రి. ఉంట మరి.